గెర్లిండె చెక్కిన మంచు

మార్‌హైమ్ పెద్ద చర్చిలో గెర్లిండె చెక్కిన రాయి ఏదో చూపించమంటే ఊళ్ళో ఎవరూ చూపించలేరు. బురుజు మీంచి వాన నీళ్ళు ఉమ్మే సింహం తలల్లో చాలామటుకు ఆమె చేతివే. కిటికీల చుట్టూ పాకిన రాతి ద్రాక్షతీగల్లోనూ ఎన్నో ఆకులు ఆమెవే. కింద నిలబడి చూస్తే ఏది పాతదో, ఏది ఆమెదో తెలియదు. దగ్గరికి వెళ్ళి చేత్తో తడిమితే మాత్రం తెలుస్తుంది. పాత రాయి మీద ఉలి గాట్లు ఏటవాలుగా ఉంటాయి కనక, కొత్త ముక్క మీద నిలువుగా వేయడం ఆమె పనిచేసే కొట్టం పద్ధతి. కంటికి ఆనదు, వేలికి ఆనుతుంది. రేపు ఎవరో వచ్చి మళ్ళీ బాగుచేయాల్సి వస్తే, వాళ్ళు మోసపోకూడదు.

చర్చి గోడ పక్కనే ఉన్న రాతిపని కొట్టంలో గెర్లిండెకి తెలిసిన నీతి ఇదొక్కటే. ఆమె తండ్రికి మాంసం కొట్టు ఉండేది. పడుచుపిల్లగా ఉన్నప్పుడు కొట్టంలో వాళ్ళకి పొద్దుటి ఫలహారం, అంటే వేడి సాసేజులూ ఆవముద్దా గుండ్రటి రొట్టెలూ, బుట్టలో తెచ్చేది. వాళ్ళు తింటున్నంతసేపూ ఖాళీగా నిలబడలేక, పారేసిన రాతిముక్క మీద ఉలి ఆనించి చూసేది. ఒకరోజు బుట్ట ఇంటికి పంపించేసి తను అక్కడే ఉండిపోయింది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పక్కవాడి మోచెయ్యి ఎక్కడ ఉందో చూసింది, తన మోచెయ్యి అక్కడ పెట్టింది.

అక్షరాలు మాత్రం సమాధుల తోటలో నేర్చుకుంది. ఆదివారాలు అందరూ నది ఒడ్డున షికార్లు తిరుగుతుంటే ఆమె సమాధిరాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చెక్కిన అక్షరాల గాడిలో చూపుడువేలు పెట్టి నడిపించేది. వేలికి నచ్చిన ఒంపుని ఇంటికొచ్చి పలక మీద సుద్దతో గీసేది. ఏళ్ళ తరబడి అలా గీసి గీసి తనకంటూ ఒక అక్షరమాల తయారు చేసుకుంది. దాంతో చెక్కమని అడిగినవాళ్ళు లేరు. చర్చి పని అంతా పాతదాన్ని ఉన్నదున్నట్టు దించడమే.

రాతిపని పరీక్ష గట్టెక్కిన రోజున కొట్టం ఆమెకి ఒక చేతి గుర్తు ఇచ్చింది. రాతిపనివాళ్ళలో ఒక్కొక్కరికీ ఒక్కో గుర్తు. ఇంటి కప్పులా కలిసిన రెండు గీతలు, వాటికింద ఆనించిన కర్రలా ఒక ఏటవాలు గీత. అది ఆమెది. బతికున్నంతకాలం ఇంకొకరికి ఇవ్వరు. కానీ సొంత పనికే ఆ గుర్తు. నకలు తీసిన రాయికి పెట్టకూడదు. గెర్లిండె చేసినదంతా నకలే. ముప్పై ఏళ్ళు పైబడిన పనిలో ఆ గుర్తుని ఒక్క రాయి మీదా పెట్టలేదు.

నవంబరులో నలుగురు పునీతుల పండుగ. రాతిపనివాళ్ళకి అది పెద్ద రోజు. ఆ ఏడు ఆ పండుగ తర్వాత ఆమె పని మానేస్తోంది. మోకాళ్ళు ఇక పరంజా ఎక్కనివ్వడం లేదు. గుర్తు వాడకుండానే వెళ్ళిపోతానేమోనన్న బెంగ ఆమెకుంది. పైకి అనలేదు గానీ, కొట్టంలో అందరికీ తెలుసు.

ఆ ఏడు వసంతంలో, చర్చిని ఆనుకుని ఉన్న పాత మఠం వసారా గోడలోంచి ఒక రాయిని బయటికి తీయాల్సి వచ్చింది. ఎనిమిది వందల ఏళ్ళ కిందట అక్కడ సన్యాసినులు ఉండేవాళ్ళు. వాళ్ళలో ఒకామె చెప్పిన పద్యాన్ని ఎవరో ఆ రాయి మీద చెక్కారు. ఉప్పు పట్టి రాయి పొరలు పొరలుగా రాలిపోయి, పద్యంలో ఒక్క పంక్తే మిగిలింది. అదీ పోకముందే రాయిని పొడిగా ఉన్న లోపలి గదికి చేర్చాలన్నారు.

గెర్లిండె ఆ పంక్తి ముందు రోజూ నడిచింది గానీ ఎప్పుడూ నిలబడి చదవలేదు. రాయిని కదిలించేముందు దుమ్ము దులుపుతుంటే అక్షరాలు ఒక్కొక్కటే పైకొచ్చాయి. పాతకాలపు జర్మను. అయినా రోన్ కొండల్లో ఆమె అమ్మమ్మ మాట్లాడిన మాటకి అది ఎంతో దూరం లేదు. ఆ యాసలో పైకి అనుకోగానే అర్థమైపోయింది. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

వాకిలి తెఱచి యుంచితి, వచ్చినది మంచు.

బ్రష్షు పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఆగింది. ఇన్ని వందల ఏళ్ళూ ఆ సన్యాసిని అక్కడే నిలబడి ఉంది, తలుపు ఇంకా వెయ్యలేదు అనిపించింది.

రాయిని గొలుసులతో ఎత్తి తిరగేశారు. అడుగు పక్క, ఇన్నాళ్ళూ సున్నం కింద దాగిన పక్క, నిన్న చెక్కినట్టుంది. దాని మూలన ఒక చేతి గుర్తు: చేపముల్లులాంటి గీత, పక్కన ఒక చిన్న గాటు.

"చూశావా, సంతకం పెట్టాడు దొంగ," అన్నాడు రూప్రెష్ట్. కొట్టానికి అతనే మేస్త్రి. గెర్లిండెకన్నా బాగా చిన్నవాడు, ఉలికి సాన పట్టడం ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. "ఎవడికీ కనపడని చోట."

"రాయికి కనపడుతుందిగా," అంది గెర్లిండె. ఆ గీతలో వేలు పెట్టింది. అంచు ఇంకా పదునుగా ఉంది. చెయ్యి వెనక్కి తీసుకోవడానికి మనసు రాలేదు.

ఖాళీ అయిన చోట కొత్త రాయి పెట్టాలి. పాత పద్యం మొత్తం ఏమిటో ఎవరికీ తెలియదు కనక, ఈ కాలపు కవి ఒకరిచేత రాయించాలని చర్చివాళ్ళు అనుకున్నారు. హెన్రికె ఆమ్‌టర్ అనే ఆవిడ రాసి పంపింది. రూప్రెష్ట్ ఆ కాగితం తెచ్చి గెర్లిండె బల్ల మీద పెట్టాడు.

"ఇది దించేది కాదు, కొత్తది. అక్షరాలు నువ్వే ఎంచుకో. కింద నీ గుర్తు పెట్టుకో."

గెర్లిండె చేతులు గుడ్డకి తుడుచుకుంది, శుభ్రంగా ఉన్న చేతుల్నే.

ఒట్మార్ ఆ కాగితం లాక్కుని చదివాడు. పరంజాలు కట్టేది అతను. నోరు ఊరికే ఉండదు. "ఓయ్, ఇందులో బస్సు ఉందర్రా! చర్చి గోడ మీద బస్సు! టిక్కెట్టు కూడా చెక్కు గెర్లిండె, లేకపోతే తనిఖీవాడు పట్టుకుంటాడు."

"నువ్వు చదవడం నేర్చుకున్నావా? ఎప్పుడూ చెప్పలేదే," అంది ఆమె.

పద్యం ఇది:

ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. వీధిదీపం ఒక్కటే నిలబడింది.
ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను.
వాకిలి తెఱచి యుంచితి, వచ్చినది మంచు.
ఊడ్చాను. మళ్ళీ వచ్చింది.
గడప దాటి కూర్చుంది, చుట్టంలా.
దానికి కుర్చీ వేశాను.

మూడో పంక్తి దగ్గర రూప్రెష్ట్ మొహం మారింది. "ఆగు. ఇది ఆ పాత రాయి మీద మాటే కదా?"

"అవును."

"అక్కడిది తీసి ఇక్కడ చెక్కితే నకలే అవుతుంది మరి."

"ఒక్క పంక్తి," అంది గెర్లిండె.

"ఒక్క పంక్తయితే మాత్రం? గుర్తు పెట్టాక పండుగ రోజు మిగతా ఊళ్ళ మేస్త్రీలు వస్తారు, చూస్తారు. మార్‌హైమ్ వాళ్ళు ఎత్తుకొచ్చిన దాని కింద గుర్తు పెడతారంటారు." తల గోక్కున్నాడు. ఆమెని బాధపెట్టడం అతనికీ ఇష్టం లేదు. "రాయి కట్టేముందు చూస్తాను. అప్పుడు చెప్తాను."

గెర్లిండె రెండు రోజులు కొత్త రాయి చుట్టూ తిరిగింది. చివరికి ఆమెకి దారి దొరికింది. పాతది పాతగా, కొత్తది కొత్తగా విడివిడిగా ఉంటే కొత్తదాని కింద గుర్తు పెట్టడానికి ఎవరికీ అడ్డు ఉండదు. పాత పంక్తిని పాత రాయి మీద ఉన్నట్టే బొద్దు అక్షరాల్లో, లోతు గాడితో చెక్కింది. అది నకలు కనక, దాని వెనక నేలని నిలువు గాట్లతో నింపింది. మిగతా ఐదు పంక్తులూ సాదా నిటారు అక్షరాల్లో, ఏటవాలు గాట్ల మీద చెక్కింది. ఎవరి మాట ఎవరిదో గుడ్డివాడు తడిమినా చెప్పగలడు. పని తనకే నచ్చింది.

ఆకురాలే కాలంలో, కొత్త ద్రాక్షరసం పులుస్తూ ఉండగా, వీధి వీధినా ఉల్లిపాయ రొట్టె వాసన వస్తున్న రోజుల్లో, హెన్రికె ఆమ్‌టర్ రాయి చూడటానికి వచ్చింది. నలభై దాటిన మనిషి, మెడలో ఉన్ని గుడ్డ చుట్టుకుని, సైకిలు తోసుకుంటూ. రాయి ముందు చాలాసేపు నిలబడింది. పక్కనుంచి ఎండ పడుతోంది. మూడో పంక్తి మాత్రం వేరే రంగులో మెరుస్తోంది.

"చాలా బాగా చెక్కారు," అంది. ఆ తర్వాత ఏమీ అనలేదు.

గెర్లిండెకి అలాంటి మౌనం తెలుసు. రాయిలో పగులు కనపడినప్పుడు ఎవరైనా అలాగే నిలబడతారు. "చెప్పండి. ఎక్కడ?"

"ఈ పంక్తి ఎందుకు వేరేగా ఉంది?"

"మీది కాదుగా. తర్వాత వచ్చేవాళ్ళకి తెలియొద్దూ? మా దగ్గర అతుకు దాచడం తప్పు."

"మంచి పద్ధతే," అంది హెన్రికె. వెక్కిరింపు లేదు ఆ మాటలో. "కానీ ఇప్పుడు ఏమైందంటే, చదివేవాడు ఇక్కడికొచ్చి ఆగుతాడు. ఓహో పాతది అంటాడు. టోపీ తీసి ఓ దణ్ణం పెట్టి ముందుకి పోతాడు. నాకు దణ్ణం వద్దు గెర్లిండె గారూ. ఆ సన్యాసిని మా వంటింట్లోకి రావాలి."

"మరి అది ఆవిడ మాట అని ఎవరు చెప్తారు?"

"ఆవిడ మాటేనా? ఆ రోజుల్లో పాటగాళ్ళు ఒకరి పంక్తి ఒకరు ఎత్తుకుని పాడేవాళ్ళు. ఎవరూ పేరు చెప్పేవాళ్ళు కాదు. వినేవాళ్ళకి తెలిసేది, తెలిస్తే సంతోషించేవాళ్ళు. ఈవిడ ఎవరి పాటలోంచి తెచ్చుకుందో. నేను చేసిందల్లా ఆ పంక్తికి ముందు ఏం పెడితే నిలుస్తుందో, వెనక ఏం పెడితే నిలుస్తుందో వెతకడం. దానికి నాకు ఒక చలికాలం పట్టింది."

గెర్లిండె ఉలిని చేతిలో తిప్పింది. కోపం వచ్చింది. ఎవరిమీదో తేల్చుకోలేకపోయింది.

"ఒక్కసారి చదవండి," అంది చివరికి. "ఇక్కడ కాదు. అక్కడ."

ఇద్దరూ మఠం వసారాలోకి నడిచారు. రాయి తీసిన చోట గోడలో చీకటి గుంట. హెన్రికె దానికెదురుగా నిలబడి, కాగితం చూడకుండా, మామూలు గొంతుతో చదివింది. బస్సు వెళ్ళిపోయింది. ఫోను బోర్లా పడింది. ఆ తర్వాత, గొంతు ఏమాత్రం మారకుండానే, వాకిలి తెరుచుకుంది. పాత మాట కొత్త మాటల మధ్యలోకి, పక్కింటి మనిషి తలుపు కొట్టకుండా వచ్చినట్టు వచ్చింది. గెర్లిండె చెవి అతుకు కోసం వెతికింది. వెతకడం ఆమె బతుకంతా చేసిన పని. దొరకలేదు. ఎనిమిది వందల ఏళ్ళు ఎక్కడ ఉండాలో అక్కడ ఒక ఊపిరి తీసుకునేంత జాగా కూడా లేదు.

"ఊడ్చాను. మళ్ళీ వచ్చింది" అనేసరికి మంచు ఎవరి వాకిట్లో పడిందో, ఎవరు ఊడుస్తున్నారో ఇక చెప్పడానికి లేదు. సన్యాసినీ ఊడుస్తోంది, ఈ సైకిలు మనిషీ ఊడుస్తోంది, రోన్ కొండల్లో అమ్మమ్మా ఊడుస్తోంది. కుర్చీ ఒక్కటే. చర్చి గోడల మధ్యే బతికిన మనిషి గెర్లిండె. బురుజు ఎక్కి ఊరంతా కింద చూసినా, గంట మోగుతుంటే దాని పక్కనే నిలబడినా కలగని జంకు ఇప్పుడు కలిగింది. గోడకి చెయ్యి ఆనించుకుంది.

హెన్రికె వైపు తిరిగి అంది: "నేను గెర్లిండెని. ఇక 'గారూ' వద్దు, నువ్వు అనొచ్చు."

"నేను హెన్రికెని," అని చెయ్యి ఇచ్చింది ఆమె.

"చెడగొట్టాను హెన్రికె. మళ్ళీ చెక్కుతాను."

"మొత్తమా? రాయి సరిపోతుందా?"

"లావు రాయే తెప్పించాను. నా మీద నాకు ఎప్పుడూ అంత నమ్మకం లేదు."

మర్నాడు పొద్దున ఆమె వెడల్పాటి ఉలి తీసుకుని రాయి ముఖాన్ని చెక్కేయడం మొదలుపెట్టింది. నచ్చిన పని అంతా పొడిగా రాలిపోతోంది. ఒట్మార్ ఫలహారం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"బస్సు తప్పిపోయిందా?" అన్నాడు మెల్లగా.

"ఇంకోటి వస్తుందిలే," అంది గెర్లిండె.

గుర్తు చేజారుతోందని ఆమెకి తెలుసు. విడివిడిగా ఉంచితేనే దారి ఉంది, ఆ దారిని తన ఉలితోనే మూసేస్తోంది. అయినా చెయ్యి ఆగలేదు. ముఖం మళ్ళీ చదునయ్యాక, పాత బొద్దు అక్షరాలూ వద్దు, సాదా నిటారు అక్షరాలూ వద్దు అనుకుంది. సమాధుల తోటలో వేలితో నేర్చి, పలక మీద గీసుకున్న తన అక్షరాలే వేసింది. అవి అప్పటివీ కావు, ఇప్పటివీ కావు. మొదటి పంక్తి నుంచి చివరిదాకా ఒకే ఉలి, ఒకే వాలు, ఒకే లోతు. మూడో పంక్తి దగ్గరికి వచ్చినప్పుడు చెయ్యి అలవాటుగా నిలువుకి తిరగబోయింది. మోచెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చుకుంది. నాలుగో పంక్తిలోకి దిగాక ఇంకొకటి గమనించింది. పాత పంక్తి పొడుగ్గా లాగి వదిలినందువల్లే "ఊడ్చాను" అంత పొట్టిగా నిలబడగలుగుతోంది. తోరణంలో ఒక రాయి ఇంకో రాయిని మోసినట్టు. హెన్రికెకి ఈ బరువు లెక్క ఎలా తెలిసిందో అనుకుంటూ ఆ రోజంతా ఆశ్చర్యపోతూనే ఉంది.

తొలి మంచు పడకముందే రాయి కట్టాలి. గడ్డకట్టే చలి వస్తే సున్నం పట్టదు. పండుగకి ముందు వారం రూప్రెష్ట్ వచ్చి, చేతి తొడుగులు తీసి, కళ్ళు మూసుకుని రాయి మీద వేళ్ళు నడిపించాడు. కొట్టంలో ప్రతి రాయికీ చేసే పరీక్షే. పైనుంచి కిందికి వెళ్ళాడు. మళ్ళీ పైకి వచ్చాడు.

"అతుకు ఎక్కడ?"

"లేదు."

"గెర్లిండె, మన కొట్టంలో ఇంతవరకూ ఎవరూ అతుకు దాచలేదు."

"దాచలేదు. అతుకే లేదు."

అతను కళ్ళు తెరిచి పద్యం చదివాడు. పెదాలు కదులుతున్నాయి. చివరికొచ్చి మళ్ళీ మొదటికి వెళ్ళాడు. రెండోసారి చదివేటప్పుడు ఎక్కడా ఆగలేదు.

"బాగుంది," అన్నాడు బొంగురుగా. "చాలా బాగుంది. కానీ గుర్తు మాట... రాయి ముఖం మీద పెట్టించలేను. ఏమని చెప్పను వాళ్ళకి?"

"ఆ చేపముల్లువాడు కూడా తన మాటలు చెక్కలేదు," అంది గెర్లిండె. "సన్యాసిని మాటలు చెక్కాడు. ఆవిడ ఎవరివి తెచ్చుకుందో దేవుడికెరుక. అయినా పెట్టాడు."

రూప్రెష్ట్ తొడుగులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆమె అడిగినదానికి ఔననలేదు, కాదనలేదు.

కట్టే రోజున ఆకాశం తెల్లగా దిగివచ్చింది. హెన్రికె సైకిలు మీద వచ్చి వసారా స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఒట్మార్ గొలుసు లాగుతుంటే రాయి మెల్లగా పైకి లేచింది. గోడలో గుంట ఎత్తుకి వచ్చాక, రాయి అడుగు పక్క రూప్రెష్ట్ కళ్ళకి సరిగ్గా ఎదురుగా నిలిచింది.

మూలన రెండు గుర్తులున్నాయి. ముందు చేపముల్లు, దాని పక్క చిన్న గాటు, పాత రాయి మీద ఉన్నట్టే. దాన్ని ఆనుకుని ఇంటి కప్పు, కప్పు కింద ఏటవాలు కర్ర. రెండూ ఒకే ఉలితో, ఒకే లోతున.

గెర్లిండె అతని మొహం చూడలేదు. సున్నం తట్ట వైపు చూస్తూ నిలబడింది. గొలుసు కిర్రుమంటోంది.

"మేస్త్రీ, చేతులు పడిపోతున్నాయి!" అని అరిచాడు ఒట్మార్. "దించమంటావా, సాయంత్రందాకా దీన్ని ఊయలూపమంటావా?"

రూప్రెష్ట్ తాపీ అందుకున్నాడు. ఆ పని మామూలుగా అతను చేయడు, మనుషులున్నారు. సున్నం తనే తీసుకుని గుంటలో పరిచాడు. మూలన, ఆ రెండు గుర్తులూ వచ్చి కూర్చునే చోట, ఇంకాస్త మెత్తగా, వెన్న రాసినట్టు రాశాడు.

"దించు," అన్నాడు. "నిదానం. గీరుకుందంటే నీ వీపు చీరేస్తాను."

రాయి కూర్చుంది. అంచుల్లోంచి పైకి ఉబికిన సున్నాన్ని గెర్లిండె బొటనవేలితో తుడిచింది. హెన్రికె దగ్గరికొచ్చి, పద్యం చదవకుండా, మూడో పంక్తి గాడిలో వేలు పెట్టి నాలుగో పంక్తిలోకి నడిపించింది. వేలు ఎక్కడా తట్టుకోలేదు.

వసారా చూరు దాటి రాయి మీదికి ఒక్కొక్కటే మంచు రేకులు రావడం మొదలైంది. సున్నం తడి ఆరకముందే రాయి మీద కప్పడానికి ఒట్మార్ గోనెపట్టా తెచ్చాడు. గెర్లిండె దాన్ని అందుకుని, రెండు చేతులా ఎత్తి, వెంటనే కప్పకుండా కొంచెంసేపు అలాగే పట్టుకుని నిలబడింది.